"ఎంత తేనె వేసినా చేదు పోవట్లేదండీ": పాలు, పంచదార లేని ఒక టీ లాటే కేస్ స్టడీ

"చేదుగా ఉందండీ. ఎంత తేనె వేసినా పోవట్లేదు."

ఫోన్లో ఆవిడ నాతో అన్న మొదటి మాట ఇది. ఆ మాటను నేను పైపైన విన్నందుకు ఈ కేసు పది రోజులు వెనకబడింది. అందుకే చివరికి కుదిరిన కొలతలతో పాటు, పోగొట్టుకున్న ఆ పది రోజుల సంగతి కూడా రాస్తున్నాను.

నా పని కేఫేలకు పానీయాలు తయారుచేసి పెట్టడం. మెనూలో కొత్త డ్రింక్ కావాలంటే కొలతలు కుదిర్చి, అక్కడ పనిచేసేవాళ్లకు నేర్పి వస్తాను. ఒక్కరి ఇంటి టీ కోసం కూర్చోవడం నాకు అలవాటు లేని పని. ఈవిడను పంపింది నా స్నేహితురాలైన డైటీషియన్. "చెప్పినవన్నీ పాటిస్తోంది, ఒక్క టీ దగ్గరే జారిపోతోంది. నా వల్ల కావట్లేదు, నువ్వు చూడవే" అంది. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 46. రోజుకు నాలుగు కప్పుల చిక్కటి పాల టీ, కప్పుకు రెండు చెంచాల పంచదార. చెంచాకు 4 గ్రాముల లెక్కన టీలోనే రోజుకు 32 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, మనం విడిగా కలిపే చక్కెర, తేనె, సిరప్, పండ్ల రసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు. 5 శాతం లోపే ఉంటే ఇంకా మేలు. ఆ 5 శాతం పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు. ఈవిడ వేరే తీపి ఏదీ ముట్టకుండానే టీతో ఆ గీత దాటేస్తున్నారు.

కడుపు ఉబ్బరమని డాక్టర్ దగ్గరకు వెళ్తే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ చేసి, లాక్టోజ్, అంటే పాలల్లోని చక్కెర, అరగట్లేదని చెప్పారు. ఇదేమీ అరుదైన సంగతి కాదు. ప్రపంచంలో పెద్దవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి లాక్టోజ్‌ను అరిగించుకునే శక్తి తగ్గిపోయే ఉంటుంది. ఆవు పాలల్లో 100 మిల్లీలీటర్లకు లాక్టోజ్ సుమారు 4.8 గ్రాములు. చాలామంది ఒకేసారి 12 గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. ఈవిడకు అంత కూడా పడటం లేదు.

నిజాయితీగా మొదట చెప్పాల్సింది చెప్పేశాను: లాక్టోజ్ తీసేసిన పాలు దొరుకుతాయి, వాటితో పెట్టుకుంటే మీ పాత టీ పాతలాగే ఉంటుంది. పైగా లాక్టోజ్ విడిపోయి గ్లూకోజ్, గెలాక్టోజ్ అవుతుంది కాబట్టి ఆ పాలు కాస్త తియ్యగా కూడా ఉంటాయి, పంచదార తగ్గించుకోవచ్చు. ఆవిడ వినలేదు. పాలు పూర్తిగా మానేయాలని ఆవిడ అప్పటికే నిర్ణయించుకున్నారు, ఆ కారణాలు ఆవిడవి. నాకు అప్పగించిన పని కూడా అదే: పాలు ఉండకూడదు, పంచదార ఉండకూడదు, ఇంట్లో ఉన్న గిన్నెలతోనే అవ్వాలి, ఉదయం హడావిడిలో పది నిమిషాలు మించకూడదు.

లాటే అంటే ఇటాలియన్‌లో పాలు. పాలు లేని లాటే అడుగుతున్నారంటే పాలు లేని పాలు అడుగుతున్నట్టే. ఈ జోకు నేను కేఫేల్లో వందసార్లు వేసి ఉంటాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ వంటింట్లో చూసింది

ఎవరికైనా డ్రింక్ సరిచేయాలంటే మొదట నేనేమీ చెప్పను, వాళ్లు చేస్తుంటే చూస్తాను. ఆవిడ గిన్నెలో నీళ్లు, మూడు చెంచాల సీటీసీ టీపొడి (చిన్న చిన్న గింజల్లా ఉండే రకం) వేసి స్టవ్ మీద పెట్టారు. పొంగు వచ్చాక మంట తగ్గించి ఏడు నిమిషాలు మరిగించారు. డికాషన్ దాదాపు నల్లగా దిగింది. ఫ్రిజ్‌లోంచి బాదం పాల డబ్బా తీసి, ఊపకుండానే చల్లటి పాలు అందులో పోసి మళ్లీ మరగనిచ్చారు. అర నిమిషంలో అంచుల దగ్గర తెల్లటి తునకలు తేలాయి. ఆవిడ వాటిని చూడనట్టే వడగట్టి, రెండు చెంచాల తేనె కలిపి నా చేతికిచ్చారు.

రంగు బూడిద కలిపిన గోధుమ రంగు. నోట్లో పోసుకుంటే ముందు తేనె, వెనకాలే గొంతు పట్టేసే రుచి. అడుగున సన్నటి ఇసుకలా తగిలింది. అది బాదం పాలల్లోంచి విరిగి దిగినది.

పక్క అరలో నాన్ డైరీ అని రాసి ఉన్న క్రీమర్ పొడి డబ్బా కూడా కనిపించింది. "ఆఫీసులో ఇది వాడుతున్నానండీ, పాలు లేవని రాశారుగా" అన్నారు. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూపించాను. మూడో మాట సోడియం కేసినేట్. అది పాలల్లోంచి తీసిన ప్రోటీన్. లాక్టోజ్ పడనివాళ్లకు అది పెద్దగా ఇబ్బంది చేయకపోవచ్చు కానీ, పాల ప్రోటీన్‌కే అలర్జీ ఉన్నవాళ్లకు ప్రమాదం. పాలు పూర్తిగా మానేశానని అనుకుంటున్న ఈవిడ రోజూ పాల పదార్థమే తాగుతున్నారన్నమాట. డబ్బా ముందువైపు రాసేది అమ్మకం కోసం, వెనకవైపు రాసేది మన కోసం అని నేను శిక్షణలో చెబుతుంటాను.

నేను పోగొట్టుకున్న పది రోజులు

చేదు పోవట్లేదు అన్నారు కాబట్టి నేను తీపి వెనక పడ్డాను.

ముందు తేనెను తప్పించాను. దానికి గట్టి కారణమే ఉంది. తేనె పీహెచ్ సగటున 3.9 దగ్గర ఉంటుంది, అంటే పులుపు వైపు. టీ డికాషన్ 5 చుట్టుపక్కల ఉంటుంది. సోయా, బాదం లాంటి వాటి ప్రోటీన్లు పీహెచ్ 4.5 నుంచి 5 దగ్గరకు వచ్చేసరికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి. వేడి తోడైతే ఇంకా త్వరగా కడతాయి. వేడి డికాషన్, పల్చటి మొక్కల పాలు, పైన రెండు చెంచాల తేనె, అంటే విరగడానికి కావలసినవన్నీ ఒకే గిన్నెలో చేరాయి. విరగడమైతే తగ్గింది. చేదు మాత్రం అలాగే ఉందన్నారు.

తర్వాత స్టీవియా ఆకుల సారం. మొదటి గుక్కకే ఆవిడ మొహం ముడుచుకుంది. స్టీవియా తీపి నోట్లో ఆలస్యంగా మొదలై ఎంతకీ పోదు, చివర్లో దానిదే ఒక చేదు ఉంటుంది. టీతో కలిస్తే రెండు చేదులూ చేతులు కలుపుతాయి. పైగా బరువు తగ్గడం కోసం ఇలాంటి చక్కెర కాని తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది, అందులో స్టీవియా కూడా ఉంది. డైటీషియన్ కూడా దాని మీద ఆసక్తి చూపలేదు. అక్కడితో వదిలేశాం.

మేపుల్ సిరప్ బాగానే కలిసింది, పాలూ విరగలేదు. కానీ మూడు చెంచాలు వేస్తే గాని ఆవిడకు ఆనలేదు. మూడు చెంచాల సిరప్ వేసుకునేటట్టయితే పంచదార మానేయడం దేనికి?

పదో రోజున ఆవిడ నా దగ్గరకే వచ్చారు. నాలుగు చిన్న కప్పులు వరుసగా పెట్టి రుచి చూడమన్నాను. రెండోది తాగాక ఆవిడ ఏమీ అనకుండా నాలుకతో పళ్లు తడుముకుంటున్నారు. పై వరస, కింది వరస, మళ్లీ పై వరస. నా కళ్లు ఆ నాలుక మీదే ఆగిపోయాయి.

"చేదు ఎక్కడ తెలుస్తోందండీ? నాలుక మీదా?"

కాసేపు ఆలోచించారు. "నాలుక మీద కాదేమో. ఇదిగో, ఇక్కడ పట్టేస్తోంది" అని రెండు బుగ్గలూ లోపలికి పీల్చి చూపించారు. "పండని అరటిపండు కొరికినట్టు."

అది చేదు కానే కాదు. వగరు.

మన భాషలో ఈ రెంటికీ విడివిడిగా రెండు మాటలున్నాయి. ఆరు రుచుల లెక్కలో రెంటికీ వేరు వేరు స్థానాలున్నాయి. అయినా రోజువారీ మాటల్లో నచ్చని టీ ఏదైనా చేదే అయిపోతుంది. ఆవిడ అలవాటుగా అన్న మాటను నేను రుచి పేరుగా తీసుకున్నాను. చేదుకు తీపి మందు, ఉప్పు కూడా మందే. వగరుకు తీపి పెద్దగా పనిచేయదు. ఎందుకంటే అది నాలుక పట్టే రుచి కంటే ఎక్కువగా నోటి లోపలి చర్మానికి తెలిసే స్పర్శ. టీలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుని వాటిని లాగేస్తాయి. జారుడు పోయి నోరు ఎండినట్టు, బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. దాని మీద ఎంత తేనె పోసినా తియ్యటి వగరే మిగులుతుంది.

మరి ఇన్నాళ్లూ ఆ వగరు ఏమైంది?

పాలు మింగేశాయి. పాలల్లోని ముఖ్యమైన ప్రోటీన్ కేసిన్‌లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. మన లాలాజలంలో పాలీఫినాల్స్ పట్టుకునే ప్రోటీన్లు కూడా ఆ జాతివే. కప్పులోనే కేసిన్ వాటిని పట్టేసుకుంటే నోటి దాకా వచ్చేది తక్కువ. ఏడు నిమిషాలు మరిగిన డికాషన్‌ను కూడా ఆవిడ ఏళ్ల తరబడి హాయిగా తాగగలిగారంటే ఆ ఘనత చిక్కటి పాలది.

ఇప్పుడు దాని బదులు ఏం పోస్తున్నాం? ఆవు పాలల్లో ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు 3.3 గ్రాముల దాకా ఉంటుంది. సోయా పాలల్లోనూ సుమారు అంతే. డబ్బాల్లో వచ్చే బాదం పాలల్లో చాలావాటిలో అర గ్రాము దగ్గర, ఓట్ పాలల్లో ఒక గ్రాము లోపు. వగరును కప్పేవాళ్లు వెళ్లిపోయారు, డికాషన్ మాత్రం పాతదే.

నా మటుకు ఈ కేసులో అసలు విషయం ఇదే. పాలు లేని టీ కుదరకపోతే అందరూ పాల బదులు వాడే డబ్బా మారుస్తారు, తర్వాత తీపి మారుస్తారు. టీని ఎవరూ ముట్టుకోరు. నేను కూడా ముట్టుకోలేదు. ముందు మారాల్సింది డికాషన్, ఆ తర్వాత పాలు, అన్నిటికీ ఆఖరున తీపి.

డికాషన్

టీ రుచి చూసేవాళ్ల కోసం 1980లో వచ్చిన ఐఎస్‌ఓ 3103 అనే ప్రమాణం ఒకటుంది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అది టీలోని లోపాలు బయటపడటానికి పెట్టిన కొలత. తాగి ఆనందించడానికి దాన్నే పట్టుకోనక్కర్లేదు. మేం అక్కడినుంచి మొదలుపెట్టి ఆకు పెంచుతూ, సమయం తగ్గిస్తూ వచ్చాం.

సీటీసీ గింజ చిన్నగా నలిగి ఉంటుంది కాబట్టి రంగు, కెఫీన్ చాలా త్వరగా దిగుతాయి. మొదటి రెండు మూడు నిమిషాల్లో మనకు కావలసింది చాలావరకు వచ్చేస్తుంది. ఆ తర్వాత మరిగే ప్రతి నిమిషం వగరు పెంచుతుంది. 150 మిల్లీలీటర్ల నీటికి 4 గ్రాముల పొడి, అంటే తలకొట్టిన రెండు చెంచాలు. నీళ్లు మరిగాక స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి పొడి వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు. అంతే. మంట మీద మరిగించడం లేదు. వడగట్టేటప్పుడు పిప్పిని చెంచాతో నొక్కడం కూడా మానిపించాను. ఈ ఒక్కటి మానడానికి ఆవిడకు వారం పట్టింది, చేయి దానంతటదే నొక్కేసేది.

పెద్ద ఆకు టీ వాడేవాళ్లు 5 గ్రాములు, నాలుగు నిమిషాలు అనుకోవచ్చు. గ్రీన్ టీతో కూడా ఒకసారి ప్రయత్నించాం గానీ, పాలతో అది ఆవిడకు నచ్చలేదు.

చిటికెడు వంటసోడా వేస్తే వగరు, విరగడం రెండూ తగ్గుతాయని చాలామంది చెబుతారు. తగ్గే మాట నిజమే, డికాషన్ పులుపు తగ్గుతుంది కాబట్టి. కానీ రంగు నల్లబడి, టీ సువాసన చచ్చిపోయి, సబ్బు నీళ్ల ఛాయ ఒకటి వస్తుంది. ఈవిడకు బీపీ ఉంది, పని గట్టుకుని సోడియం పెంచడం దేనికని పక్కన పెట్టాను.

మధ్యలో ఒక చిన్న గందరగోళం జరిగింది. ఉదయం టైమ్ కలిసొస్తుందని రాత్రే డికాషన్ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాను. పొద్దున్నే ఫోటో పంపారు: సీసాలో బురద నీళ్లలా మసకగా ఉంది, "పాడైపోయిందండీ, పారబోశాను" అని. పాడవలేదు. చిక్కటి టీ చల్లారితే కెఫీన్, పాలీఫినాల్స్ జత కట్టి మసకబారుతుంది. టీ పనివాళ్లు దాన్ని క్రీమింగ్ అంటారు. వేడి చేస్తే మళ్లీ తేటపడుతుంది. ముందే చెప్పి ఉండాల్సింది.

పాల బదులు

డికాషన్ సరిపడ్డాక నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూశాం.

సోయా వగరును అందరికంటే బాగా కప్పింది, నురగ కూడా దానిదే బాగుంది. కానీ వాసన ఆవిడకు గిట్టలేదు. పైగా కాల్షియం కలిపిన సోయా పాలు వేడి టీలో ఇట్టే విరిగాయి. సోయా పాలను టోఫుగా పేరబెట్టడానికి వాడేది కూడా కాల్షియం ఉప్పులనే కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

డబ్బాలోని ఓట్ పాలు రుచికి బాగున్నాయి. చిక్కు వేరే చోట వచ్చింది. చక్కెర కలపలేదు అని రాసి ఉన్నా తియ్యగా ఉంటాయి, ఎందుకంటే తయారీలో ఎంజైములు ఓట్స్‌లోని పిండి పదార్థాన్ని విడగొట్టి మాల్టోజ్ చేస్తాయి. అది కూడా చక్కెరే. పోషకాల పట్టికలో చక్కెర గడి చూస్తే తెలిసిపోతుంది. ఇంట్లో ఓట్స్ నానబెట్టి రుబ్బి చేద్దామంటే ఆ ఎంజైములుండవు. వేడి తగలగానే పిండి ఉడికి జిగురు కట్టింది. ఆవిడ ఇంట్లో ఒక గిన్నె అలా గంజి అయింది.

బాదం మరీ పల్చన.

చివరికి నిలిచింది జీడిపప్పు. వడగట్టాల్సిన పని లేదు, పప్పంతా పాలల్లోనే ఉంటుంది. జీడిపప్పులో కొవ్వుతో పాటు పిండి పదార్థం కూడా ఉంటుంది కాబట్టి వేడి చేస్తే పాలు కాస్త చిక్కబడతాయి, నోటికి నిండుగా తగులుతాయి. అర లీటరుకు 40 గ్రాముల పప్పు వేస్తే కొవ్వు 3.5 శాతం దగ్గర వస్తుంది, వెన్న తీయని ఆవు పాలంత. ప్రోటీన్ మాత్రం ఒకటిన్నర శాతం లోపే. అందుకే డికాషన్ దగ్గర ఆ జాగ్రత్తంతా.

ఇవన్నీ కుదిరినా ఎలా కలుపుతామన్నది మిగిలి ఉంది. మరుగుతున్న టీలో చల్లటి పాలు పోయకూడదు. పాలను విడిగా గోరువెచ్చన దాటి వేడి చేసి, డికాషన్‌ను రెండు నిమిషాలు ఆరనిచ్చి, టీనే సన్నటి ధారగా పాలల్లోకి పోయాలి. ఇందాక చెప్పిన ప్రమాణంలో కూడా తర్వాత పాలు కలిపేటట్టయితే టీ 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలని ఉంది. ఇంట్లో థర్మామీటర్ ఉండదు. మూత తీశాక ఆవిరి జోరు తగ్గి మెల్లగా లేచే దశలో కలపమని చెప్పాను.

ఆఖరున తీపి

వగరు తగ్గాక తీపి చెంచాలు వాటంతటవే తగ్గాయి. ఇంతకుముందు మూడు చెంచాల సిరప్ అడిగిన ఆవిడ, కొత్త డికాషన్‌తో ఒకటిన్నర చెంచాకే చాలన్నారు. అప్పుడు ఖర్జూరం తెచ్చాను.

ఎనిమిది గ్రాముల చిన్న ఖర్జూరంలో సుమారు 5 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్ద మెజూల్ రకమైతే గింజ తీశాక 24 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 16 గ్రాములు చక్కెరే. "ఒక ఖర్జూరం" అనే కొలతకు అర్థమే లేదని ఇక్కడే తెలుస్తుంది. సిరప్ కంటే దీన్ని ఎంచుకోవడానికి కారణం పీచు, గుజ్జు. జీడిపప్పుతో కలిసి రుబ్బితే పాలకు చిక్కదనం వస్తుంది.

సహజమైన తీపి కాబట్టి లెక్కలోకి రాదని ఆవిడ అనుకుంటుంటే ఆ భ్రమ మాత్రం ఉంచలేదు. పండును పండుగా తింటే అందులోని చక్కెరను ఫ్రీ షుగర్ కింద, అంటే మొదట చెప్పిన 25 గ్రాముల పరిమితిలో, లెక్కపెట్టరు. రుబ్బి గుజ్జు చేస్తే బ్రిటన్‌లో అధికారిక నిర్వచనం ప్రకారం దాన్నీ లెక్కపెడతారు. డైటీషియన్ కూడా లెక్కపెట్టమనే చెప్పింది.

ఇంకో సంగతి ఆవిడే గమనించారు. "పైన తీపి చాలట్లేదు, అడుగుకు వచ్చేసరికి ఎక్కువైపోతోంది. కలపడంలో తేడానా?" కలపడంలో తేడా లేదు. ఖర్జూరం, తేనె లాంటి వాటిలో ఫ్రక్టోజ్ ఎక్కువ. అది వేడిగా ఉన్నప్పుడు తక్కువ తీపిగా, చల్లారేకొద్దీ ఎక్కువ తీపిగా తెలుస్తుంది. పొగలు కక్కే టీలో తేనె చాలట్లేదని ఇంకో చెంచా వేసుకునేది అందుకే. రుచి చూడటానికి రెండు నిమిషాలు ఆగమన్నాను. ఐస్ వేసుకుని తాగే రోజు ఖర్జూరం సగానికి తగ్గించొచ్చు.

మసాలా విషయానికొస్తే అల్లం, దాల్చినచెక్క, యాలకులు అన్నీ నీళ్లలోనే మరగాలి. పచ్చి అల్లంలో ప్రోటీన్లను తెంచే ఎంజైమ్ ఉంది, మరిగితే పోతుంది. ఆవిడ కొన్న మసాలా టీ పొట్లంలో అతిమధురం ఉంది. అందుకే పంచదార లేకపోయినా అది తియ్యగా ఉందని మురిసిపోయారు. అతిమధురంలోని గ్లిసిరైజిన్ బీపీని పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి రోజూ నాలుగు కప్పులు అది పనికిరాదు. ఆ పొట్లం ఆ రోజే తీసేయించాను, డైటీషియన్‌కూ చెప్పాను.

ఇప్పుడు ఆవిడ చేస్తున్నది

రాత్రి 40 గ్రాముల జీడిపప్పు కడిగి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెడతారు. పొద్దున ఆ నీళ్లు పారబోస్తారు. నాలుగు చిన్న ఖర్జూరాలను పది నిమిషాలు వేడి నీళ్లలో ఉంచి, గింజ తీసి, ఊడివచ్చినంత తొక్క తీసేస్తారు. తొక్క ఉంటే కప్పు అడుగున పెచ్చులు తగులుతాయి. రెంటినీ చిటికెడు ఉప్పు, కొద్దిగా నీళ్లతో మెత్తటి వెన్నలా అయ్యేదాకా తిప్పి, ఆ తర్వాతే మిగతా నీళ్లు పోసి అర లీటరు చేస్తారు. నీళ్లన్నీ ముందే పోస్తే పప్పు నలగదు, ఇది మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాలుగు కప్పులకు సరిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు, మూడో రోజు వాసన చూసుకుని.

కప్పుకు 125 మిల్లీలీటర్ల పాలు, సన్నటి సెగ మీద కలుపుతూ వేడి చేయాలి, మరగనివ్వకూడదు. వదిలేస్తే అడుగంటుతుంది. ఇష్టమైతే ఫ్రెంచ్ ప్రెస్‌లో పోసి పదిహేను ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడిస్తే నురగ వస్తుంది. పెద్ద బుడగలు, రెండు నిమిషాల్లో దిగిపోతాయి. కేఫే నురగ దీనితో రాదు, వస్తుందని నేను చెప్పను. మూత బిగించిన సీసాలో వేడి పాలు పోసి ఊపే పద్ధతి మాత్రం ఎవరికీ నేర్పను, ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను.

ఆరు వారాల తర్వాత

రోజుకు మూడు కప్పులకు దిగారు. కప్పుకు ఒక చిన్న ఖర్జూరం, అంటే 5 గ్రాముల చొప్పున 15 గ్రాములు. ఇంతకుముందు 32. ఉబ్బరం చాలావరకు తగ్గిందన్నారు. అది పాలు మానడం వల్లే అయ్యుంటుంది, నా డికాషన్‌కు అందులో పాత్ర లేదు.

రెండు విషయాలు డైటీషియన్ చేతిలో పెట్టాను. ఒకటి కాల్షియం. ఆవు పాలల్లో 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఇంట్లో చేసిన జీడిపప్పు పాలల్లో చెప్పుకోదగ్గంత ఉండదు. అది వేరే ఆహారంలోంచి రావాలి. కాల్షియం కలిపిన డబ్బా పాలు వాడే రోజు ఊపి పోయాలి, లేకపోతే అది అడుగునే ఉండిపోతుంది. రెండోది ఐరన్. టీలోని అవే పాలీఫినాల్స్ శాకాహారంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఆవిడ టిఫిన్‌తో పాటే టీ తాగేవారు. ఇప్పుడు గంట తేడా పెట్టారు.

కుదరనిది ఒకటి మిగిలింది. ఆఫీసుకు ఫ్లాస్కులో తీసుకెళ్లాలని ఆవిడకు కోరిక. రెండుసార్లు ప్రయత్నించాం. మూడు గంటల తర్వాత మూత తీస్తే ఒకసారి పాలు అడుగున చిక్కగా పేరుకున్నాయి, రెండోసారి పుల్లటి వాసన వచ్చింది. వేడిగా ఉన్న పప్పు పాలను గంటల తరబడి మూసి ఉంచడం నాకు ఏ రకంగానూ నచ్చలేదు, వద్దన్నాను. ప్రస్తుతానికి డికాషన్ ఒక్కటే ఫ్లాస్కులో పోసుకుని, పాలను చిన్న సీసాలో ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నారు. అక్కడ పాలు వేడి చేసుకునే వీల్లేదు కాబట్టి ఆ మధ్యాహ్నం కప్పు గోరువెచ్చగానే తాగాల్సి వస్తోంది. "గోరువెచ్చటి టీ కూడా ఒక టీయేనా అండీ" అని మొన్న కూడా ఫోన్లో అన్నారు.